నూట నాలుగో గింజ

అంతకు ముందు వచ్చిన పదకొండు కుటుంబాల్లో ఎవరూ తొంభై తొమ్మిది దాటలేదు. అరవై, డెబ్భై జ్ఞాపకాలు తెచ్చినవాళ్లే ఎక్కువ. ఒక మనిషి గురించి ఇంట్లోవాళ్లకి గట్టిగా గుర్తుండేది అంతే కాబోలనుకుంది హైమావతి. అందుకే ఫైళ్లకి రెండంకెల నంబర్లే పెట్టేది, సున్నా ఒకటి మొదలు తొంభై తొమ్మిది వరకు. నాలుగేళ్లుగా ఆ పద్ధతితో ఏ చిక్కూ రాలేదు.

సత్యారావు నూట పన్నెండు తెచ్చాడు. అవి కూడా రెండు విడతలుగా తెచ్చాడు.

ఆసుపత్రి విశాఖపట్నం చేపల రేవు వెనక, మూతపడిన ఐసు ఫ్యాక్టరీలో ఉంది. మూరెడు మందం గోడలు. ఒకప్పుడు చల్లదనం బయటికి పోకుండా కట్టినవి, ఇప్పుడు బయటి సిగ్నళ్లు లోపలికి రాకుండా అడ్డుకుంటున్నాయి. సాయంత్రం గాలి మళ్లితే మాత్రం ఎంత మందం గోడైనా చేపల వాసనని ఆపలేదు. మెదడువాపు జ్వరంతో గతమంతా పోగొట్టుకున్నవాళ్లని ఇక్కడికి తెస్తారు. ఇంట్లోవాళ్లలో ఒకరు తలకి వైర్ల టోపీ పెట్టుకుని కుర్చీలో కూర్చుని, ఒక్కో సంగతీ గుర్తు చేసుకుంటూ చెబుతారు. పక్కన ఫోటోలు, పాత బట్టలు, ఫోన్లో మిగిలిన గొంతులు. యంత్రం అంతటినీ కలిపి ఒక ఫైలు చేస్తుంది. మధ్యాహ్నం భోజనమయ్యాక పేషెంటు గంటన్నర నిద్రపోయేటప్పుడు, రోజుకి మూడు చొప్పున అవి తలలోకి చేరతాయి. హైమావతి దాన్ని సీడింగ్ అనేది. నర్సు పైడితల్లికి ఆ మాట నోరు తిరక్క గింజలు నాటడం అంది. చివరికి పెద్ద డాక్టరు నఫీసా కూడా కేసు షీటు మీద 'గింజలు' అనే రాయడం మొదలుపెట్టింది.

అలా వచ్చిన జ్ఞాపకంలో పేషెంటు తనని తాను బయటి నుంచి చూసుకుంటుంది. చెప్పింది వేరేవాళ్లు గనక. ఎక్కడో గది మూల నిలబడి తన పెళ్లి తానే చూస్తున్నట్టు ఉంటుంది. కొన్ని నెలలకి ఆ చూపు మెల్లగా లోపలికి జరుగుతుందని నఫీసా నమ్మకం. ఇంతవరకూ ఒకరిద్దరికే జరిగింది.

హైమావతి డాక్టరు కాదు. ఇక్కడికి రాకముందు మున్సిపాలిటీలకి వెబ్‌సైట్లు కట్టేది. కొత్త సైటుకి ఖాళీ డేటాబేసు ఉంటుంది. అందులో ముందు వార్డులు పోయాలి, తరవాత వీధులు, ఆ తరవాత ఇళ్లు, ఇళ్ల తరవాత కుళాయి కనెక్షన్లు. ఇల్లు లేకుండా కుళాయి పోయబోతే డేటాబేసు ఒప్పుకోదు. ఎక్కడైనా వరస తప్పితే ఒక్క కమాండు కొట్టి, అంతా తుడిచి, మొదటి నుంచి పోసేది. ఒకే రోజు ఇరవైసార్లు తుడిచిన సందర్భాలున్నాయి. ఆ పనితనం చూసే నఫీసా ఆమెని పిలిచింది. ఏ గింజ ముందు, ఏ గింజ వెనక అన్నది తేల్చడమే ఇక్కడ ఆమె పని.

రత్నమాలకి నలభై నాలుగేళ్లు. రేవుకి దగ్గర్లో టైలరింగ్ షాపు నడిపేది. ఎనిమిది నెలల కిందట జ్వరం వచ్చి తగ్గేసరికి తన పేరు కూడా మిగల్లేదు. చేతులు మాత్రం మిగిలాయి. సూదీ దారం ఇస్తే తల వంచుకుని చక్కగా అంచు కుట్టేసేది. ఎక్కడ నేర్చుకున్నావంటే బిత్తరపోయేది.

ఆమె భర్త సత్యారావు ఓడరేవులో ఆటుపోట్ల ఎత్తు రాసే ఉద్యోగి. గంటకోసారి జెట్టీ పక్క కొలబద్ద చూసి, నీరు ఎంత ఎత్తున ఉందో రిజిస్టరులో రాస్తాడు. ఇరవై రెండేళ్లుగా అదే పని. ఇంట్లో సంగతులు కూడా అలాగే రాసుకునేవాడు, తేదీతో, టైముతో. మొదటి పది గింజలు మాత్రం బొబ్బిలి నుంచి రత్నమాల అన్న వచ్చి చెప్పి వెళ్లాడు. మిగతా ఎనభై తొమ్మిదీ సత్యారావువే.

సోమవారం నాటడం మొదలైంది. మొదటి రోజే ఒక చిక్కు వచ్చింది. అమ్మ గింజలో అన్న ఉన్నాడు, అన్న గింజలో అమ్మ ఉంది. ఏది ముందు పెట్టినా, ఇందులో ఉన్న రెండో మనిషి ఎవరో ఇంకా తెలీదంటూ యంత్రం తిప్పికొట్టింది. హైమావతి ఆ తనిఖీ ఆపేసింది. వరస మన చేతిలో ఉన్నప్పుడు తనిఖీ ఎందుకనుకుంది. ఆపినదాన్ని మళ్లీ పెట్టలేదు.

బుధవారం సాయంత్రం సంచి సర్దుకుంటుంటే సత్యారావు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"మేడమ్, ఇంకో పదమూడున్నాయండి."

"మొదలెట్టి మూడు రోజులైందండీ! ఇప్పుడా చెప్పడం?"

"దాచానండి." అతను కుర్చీలో కూర్చోలేదు. "మా పాప పోయిన సంగతి. ముందిచ్చిన తొంభై తొమ్మిదిలో పాప ఉంది గానీ పోవడం లేదు. ఆ ఒక్కటీ లేకుండా బతికితే మా ఆవిడకి నయం గదా అనుకున్నాను. ఇవాళ పొద్దున్న బుర్రకి తట్టింది. ఇంటికెళ్లాక పాప ఏదీ అని అడుగుతుంది గదండి. అప్పుడు నా నోటితో చెప్పాలి. అదొక్కటీ నా వల్ల కాదు. అందుకని పొద్దుట్నుంచీ ఆ కుర్చీలో కూచుని పైడితల్లి గారికి చెప్పేశాను."

పాప పేరు తరళ. ఐదేళ్ల కిందట, తొమ్మిదేళ్ల వయసులో డెంగీతో పోయింది. ఆ వివరాలు అతను రిజిస్టరు చదివినట్టు చెప్పాడు.

"చివర్న పెడతాను," అంది హైమావతి.

"చివర్నే గదండి?"

"చివర్నే. నూరు నుంచి నూట పన్నెండు."

ఫైళ్లకి నంబర్లు వేసి, మిగతా తొంభై తొమ్మిదీ ఉన్నచోటే పెట్టి, లైటు తీసి వెళ్లిపోయింది. మర్నాడు ఆమె తండ్రికి కంటి ఆపరేషను.

*

వేణుగోపాలం గారు కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయ్యారు. భార్య పోయి తొమ్మిదేళ్లు. కూతురితోనే ఉంటారు, వంట ఆయనదే. కంటికి పచ్చ గుడ్డ కట్టుకుని రెండు రోజులు వంటింట్లోకి రాకుండా ఉండటం ఆయనకి ఆపరేషను కన్నా కష్టమైంది.

"ముందు ఎర్రమూత సీసా. ఐదు నిమిషాలాగి తెల్లమూతది," అని చదివింది హైమావతి చీటీ చూస్తూ.

"వెంటనే వేస్తే ఏమవుతుందిట?"

"రెండోది మొదటిదాన్ని కడిగేస్తుందట నాన్నా."

"ఐదు నిమిషాలకేనా! నేను గంటసేపు చెప్పిన పాఠాన్ని బయట బెల్లు కడిగేసేది."

గురు, శుక్రవారాలు ఆమెకి అలా సీసాల మధ్య గడిచాయి. ఆసుపత్రికి ఒకసారి ఫోను చేసింది. అంతా బాగానే నడుస్తోంది, రోజుకి మూడూ ఎక్కుతున్నాయన్నారు.

*

శనివారం పొద్దున్న మెట్ల దగ్గరే పైడితల్లి ఎదురొచ్చింది.

"మేడమ్, నిన్న నిద్ర లేచిన కాడ్నుంచి రత్నమాల గారు ఏడుస్తానే ఉన్నారు. ఎందుకమ్మా అంటే తెలీదంటన్నారు. నా సర్వీసులో ఇలాటి ఏడుపు చూడలేదు."

రత్నమాల మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుంది. ముఖం ఉబ్బిపోయి ఉంది. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, దానికేదో దెబ్బ తగిలినట్టు చూసుకుంటోంది.

"ఒక చిన్న చెయ్యమ్మా," అంది హైమావతిని చూడగానే. "నా చేతిలో ఉంది. ఏదో ఆసుపత్రి. నా చేతిలోనే చల్లబడిపోయింది. ఎవరిదో తెలీదు. ముఖం ఉండాల్సిన చోట ఏమీ లేదు. మా అన్నకి చిన్నప్పుడు ఏమైనా అయిందా? లేదే, అన్న బాగానే ఉన్నాడుగా? మరి ఎవరి కోసమమ్మా నేను ఏడుస్తున్నది?"

హైమావతి బయటికొచ్చింది. వరండాలో బెంచీ మీద సత్యారావు ఉన్నాడు. భార్య మాటలు అతనికి వినబడ్డాయి. అతను లేవలేదు, గొంతు పెంచలేదు.

"చివర్న అన్నారు," అన్నాడు.

హైమావతి యంత్రం ముందు కూర్చుని రెండు రోజుల జాబితా తెరిచింది. గురువారం: పది, నూరు, నూట ఒకటి. శుక్రవారం: నూట రెండు, నూట మూడు, నూట నాలుగు.

చూసిన క్షణంలోనే అర్థమైంది. యంత్రానికి అది అంకె అని తెలీదు. పేరు చదివినట్టు ఎడమ నుంచి ఒక్కో గుర్తూ చదువుకుంటూ పోతుంది. ఒకటి, సున్నా చూసి నూరుని తీసుకెళ్లి పది పక్కన నిలబెట్టింది. తొంభై తొమ్మిది దాటని రోజుల్లో ఆ తేడా ఎవరికీ కనబడలేదు. సున్నా పదకొండు, సున్నా పన్నెండు అని ముందో సున్నా తగిలిస్తే సరిపోయేది. బుధవారం సాయంత్రం ఐదు నిమిషాల పని. తనిఖీ ఆపకుండా ఉన్నా నూరో గింజని యంత్రమే తిప్పికొట్టేది, 'ఈ పాప ఎవరో తెలీదు' అని. తెలీదనే నోరు తానే మూసేసింది.

తరళ పుట్టడం ముప్పై ఎనిమిదో గింజ. పోవడం నూట నాలుగు.

నఫీసా తన గది తలుపు వేసి ఇద్దరినీ కూర్చోబెట్టింది. హైమావతి జరిగింది జరిగినట్టు చెప్పింది. నఫీసా కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"తుడిచి మొదటి నుంచి నాటొచ్చు," అంది. "కానీ మనం నాటినవి మాత్రమే పోతాయని చెప్పలేను. రెండేళ్ల కిందట ఒకావిడకి తుడిచాం. తలలో సగం సర్దుకుంది గానీ అన్నం కలుపుకోవడం మరిచిపోయింది. మళ్లీ నేర్చుకోడానికి నాలుగు నెలలు. ఈవిడకి మిగిలింది ఆ చేతులొక్కటే."

"తుడిచేయండి," అన్నాడు సత్యారావు. "కుట్టుపని లేకపోతే పోయింది. ఎవరో తెలీకుండా అలా ఏడుస్తుంటే చూడలేనండి."

"ఆవిణ్ని అడగాలి," అంది హైమావతి.

"ఏమని అడుగుతారు? నీకు పాప ఉండేది, పోయింది, నీకు తెలీదు అనా?"

"అవునండి. అలాగే. నేనే అడుగుతాను."

నఫీసా కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. "ఇవాళేమీ నాటొద్దు. సోమవారం అడుగు. ఈలోపు ఆవిణ్ని కాస్త తేరుకోనీ," అంది.

*

ఆదివారం హైమావతి వంట చేసింది. పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. వేణుగోపాలం గారు మజ్జిగ కలుపుకుని తినేశారు. చేతులు కడుక్కున్నాక కూతురు కంట్లో చుక్కలు వేస్తుంటే అడిగారు, "ఏం జరిగిందే?"

చెప్పింది. ఐదు నిమిషాలు అయిపోయాయి, తెల్లమూత సీసా చేతిలోనే ఉండిపోయింది.

"తప్పు నీదే," అన్నారు ఆయన. "అందులో సందేహం లేదు."

"తెలుసు."

"ఇంకో సంగతి చెప్తాను, దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో నాకు తెలీదు. మీ అమ్మ పోయాక రెండేళ్ల పాటు నాకు ఆ ఆసుపత్రి గదే కనబడేది. ముప్పై నాలుగేళ్లు కాపురం చేశాం, ఆ ముప్పై నాలుగేళ్లూ ఎక్కడికి పోయాయో. కళ్లు మూసుకుంటే ఆ ఆక్సిజను సిలిండరు. తరవాత ఒకరోజు మార్కెట్లో వంకాయలు ఏరుతుంటే, మీ అమ్మ పుచ్చు వంకాయ పట్టుకుని కొట్టువాడితో పోట్లాడటం గుర్తొచ్చింది. నడివీధిలో నవ్వేశాను. అప్పట్నుంచి వెనక్కి వెనక్కి వస్తూనే ఉంది. ఈమధ్య పెళ్లిచూపుల దాకా వచ్చాం." ఆయన కట్టు లేని కన్ను తుడుచుకున్నారు. "నాకు చివరిదే ముందొచ్చింది. ఆ వరస ఎవరు రాశారో మరి. ఆ చుక్క వెయ్యి, ఎండిపోతోంది."

*

సోమవారం పదిగంటలకి హైమావతి రత్నమాల మంచం పక్కన స్టూలు వేసుకుంది. ముందుగా అనుకున్న మాటలేవీ వాడలేదు.

"మీ ఏడుపుకి కారణం నేనండి. నా వల్ల వరస తప్పింది. చివర్న రావాల్సిన సంగతి పదో గింజ తరవాత వచ్చేసింది."

రత్నమాల కదలకుండా వింది. నంబర్ల గొడవ సగమే అర్థమైంది గానీ అసలు మాట దగ్గర ఆగిపోయింది.

"అయితే ఆ చెయ్యి..."

"మీ పాపది."

బయట ఏదో పడవ ఇంజను స్టార్టు చేస్తున్నారు. రెండుసార్లు దగ్గి అది అందుకుంది.

"నాకు పాపుందా?"

"ఉండేదండి."

"పేరు?"

"ముప్పై ఎనిమిదో గింజలో ఉంది. ఇప్పుడు చెప్పమంటే చెప్తాను."

రత్నమాల ఆలోచించింది. "వద్దు. ఇప్పుడు ఎన్నో దాంట్లో ఉన్నాం?"

"పది. మధ్యలో ఈ ఐదూ పడ్డాయి. వరసలో వచ్చేది పదకొండు."

"అయితే నా పాప ఇంకా పుట్టలేదన్నమాట."

హైమావతి స్టూలు దగ్గరికి జరుపుకుంది. "తుడిచేయొచ్చండి. ఈ ఏడుపు పోతుంది. మీ చేతిపని కూడా పోయే ప్రమాదముంది. అప్పుడు మొదటి నుంచి సరైన వరసలో నాటుతాం."

"చివర్న ఇది మళ్లీ వస్తుందా?"

"వస్తుంది."

"అంటే ఇంకోసారి పోతుంది."

"...అవునండి."

"అక్కర్లేదమ్మా," అంది రత్నమాల. "మూడు రోజులు ఏడిచాను. ఏదో ఒక రోజు ఏడవాల్సిందే గదా. ఏడిచిన ఏడుపు పారబోసి మళ్లీ మొదలెట్టడమెందుకు? ఆ ముప్పై ఎనిమిది ఇవాళే పెట్టేయకూడదా?"

"మీ పెళ్లి పదిహేడో నంబరండి. అదయ్యేదాకా యంత్రం ఒప్పుకోదు. తనిఖీ మళ్లీ పెట్టేశాను."

రత్నమాల ముఖంలో మొదటిసారి చిన్న నవ్వు కదిలింది. "నేను మొన్ననే గదమ్మా పదో తరగతి పాసయ్యాను. కంగారేటిలే." తరవాత గుమ్మం వైపు చూసింది. "రోజూ ఫ్లాస్కుతో కాఫీ తెచ్చి బెంచీ మీద కూర్చుంటాడే, ఆయన ఎవరు? మంచాయన అనుకున్నాను గానీ అడగలేదు. పాప తండ్రా?"

"అవునండి."

"లోపలికి రమ్మనండి. నేనొక్కదాన్నే ఏడుస్తున్నాననుకున్నాను."

సత్యారావు వచ్చాడు. ఎక్కడ కూర్చోవాలో తెలీక నిలబడ్డాడు. ఆమెకి అతను పరాయివాడు, అతనికి ఆమె పద్దెనిమిదేళ్లుగా భార్య. రత్నమాల తన కుడిచెయ్యి చాచి చూపించింది. "ఇదిగోండి, ఈ చేతిలోనే," అంది. సత్యారావు ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని మంచం అంచున కూలబడ్డాడు. హైమావతి స్టూలు చప్పుడు కాకుండా జరిపి బయటికి వచ్చేసింది.

ఆ సాయంత్రం రత్నమాల ఇంకో మాట కబురు చేసింది. పాప పుట్టాక మిగిలిన దుఃఖమంతా, అంటే నూట ఐదు నుంచి నూట పన్నెండు దాకా, ఒకేసారి పెట్టేయమంది. పాప ఆటలూ పాటలూ బడీ అన్నీ ఆ తరవాత రావాలంది. "ఏడుపు ఎలాగూ మొదలైంది, అదేదో పూర్తి చేసేయమనండి. పాపని చివరికి ఉంచమనండి."

హైమావతి ఆ వరస రాసి యంత్రానికి ఇచ్చింది. తనిఖీలో అన్నిటికీ లింకులు సరిపోయాయి. యంత్రం ఏ అభ్యంతరమూ చెప్పలేదు. నాలుగేళ్ల ఉద్యోగంలో పేషెంటు చెప్పిన వరస నడపడం అదే మొదటిసారి.

*

బుధవారం పదిహేడో గింజ పడింది. మూడున్నరకి నిద్ర లేచిన రత్నమాల ఫ్లాస్కు మూత తిప్పుతున్న సత్యారావుని చాలాసేపు చూసింది.

"పెళ్లిలో మీ చెప్పులు పోయాయి కదూ? మా అన్నవి వేసుకుని వచ్చారు, రెండు సైజులు పెద్దవి. టపటపమని నడుస్తూ."

కాఫీ అంతా దుప్పటి మీద పోయింది. పైడితల్లి దుప్పటి మారుస్తూ, "ఇదే మొదటి ఉతుకు కాదులెండి, ఈ దుప్పట్లు చాలా చూశాయి," అంది. ఆ రోజు నుంచి అతను బెంచీ మీద కూర్చోవడం మానేశాడు.

అలాగని అన్ని రోజులూ సాఫీగా పోలేదు. నడుస్తూ నడుస్తూ రత్నమాల ఆగిపోయేది. చేతిని చూసుకునేది. ముఖం తెలీని పాప కోసం ఎవరితోనూ చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. పాప నవ్వు తెలీదు, అల్లరి తెలీదు. ఒక చలి మాత్రం తెలుసు. పైడితల్లి ఊరుకోబెట్టడానికి గుడ్డముక్కలు తెచ్చిచ్చేది. ఒకరోజు హైమావతి వెళ్లేసరికి రత్నమాల నీలం పువ్వుల గుడ్డ కత్తిరిస్తోంది. టేపు పక్కనే పడి ఉంది, తాకలేదు. కత్తెర ఎక్కడా ఆగకుండా చంక దగ్గర వంపు తిరిగింది.

"ఎవరి కొలతలండీ?"

"ఏమో. చేతులకి తెలుసులాగుంది." గౌను ఎత్తి వెలుగులో చూసింది. "ఎనిమిదేళ్ల పిల్లకి సరిపోతుంది."

సత్యారావు ఆ గౌను చూసి, వరండా చివరికి వెళ్లి, ఐదు నిమిషాలు అక్కడే సముద్రం వైపు తిరిగి నిలబడి వచ్చాడు.

రెండోవారం గురువారం ముప్పై ఎనిమిదో గింజ. ఆ రోజు ఇంకేమీ నాటలేదు. నఫీసా కూడా తన గదిలో ఉండలేక వచ్చి నిలబడింది. రత్నమాల నిద్రలోనే రెండు చేతులూ దగ్గరికి తెచ్చుకుంది, మోచేతి మడతలో ఏదో సర్దుకుంటున్నట్టు. కళ్లు తెరిచి మొదట అన్న మాట, "తరళ."

తరవాత ఏడిచింది. పైడితల్లి గుమ్మంలోనే ఆగి, "ఇది మామూలు ఏడుపేనండి," అని హైమావతి చెవిలో చెప్పింది. చలికి ఒక పేరు దొరికింది. పేరున్న మనిషి కోసం ఏడవడం వేరు. కాసేపటికి రత్నమాల పక్కనున్న గౌను అందుకుని మడతపెట్టి దిండు కింద పెట్టింది. "ఇప్పుడే ఎందుకు, ఇందులో పిల్ల మునిగిపోతుంది," అంది.

తరవాతి ఎనిమిదీ కష్టమైనవి. దహనం, బడి సంచి ఎవరికి ఇవ్వాలన్న మాట, షాపు ఏడాదిపాటు మూసి ఉండటం. నూట తొమ్మిది పడిన రోజు ఆమె అన్నం ముట్టలేదు. హైమావతి ఆ రోజు ఇంటికి పోకుండా ఏడింటిదాకా పక్కనే కూర్చుని గుండీల కాజాలు కుట్టడం నేర్చుకుంది. కుట్టిన నాలుగూ వంకరగా వచ్చాయి. రత్నమాల విప్పేసి మళ్లీ కుట్టమంది.

ఆ తరవాత పిల్ల పెరిగింది. రోజుకి మూడు గింజల చొప్పున పాకింది, నడిచింది, గుండీల డబ్బా ఒలకబోసింది, బడికి వెళ్లనని కుట్టు మిషను కింద దాక్కుంది. మధ్యాహ్నం నిద్రకి రత్నమాల ఇప్పుడు తానే తొందరపడేది. "ఇవాళేటి చేస్తాదో," అంటూ టోపీ తనే పెట్టుకునేది. లేచాక ఆ సంగతి సత్యారావుకి చెప్పేది, అతను చెప్పిందే అతనికి. అతను కొత్తగా విన్నట్టు వినేవాడు. నిజానికి కొత్తగానే ఉంది, అన్నాడు ఒకసారి హైమావతితో. ఐదేళ్లుగా తనకి కూడా ఆ చివరి వారమే తప్ప ఇవేవీ గుర్తొచ్చేవి కావట, ఆ కుర్చీలో కూర్చునేదాకా.

*

తొంభై తొమ్మిదో గింజ మిగిలింది. మొదట్లో చావు దాచినప్పుడు సత్యారావు ముగింపుగా పెట్టుకున్నది అదే. పెద్ద సంగతేమీ కాదు. ఒక ఆదివారం ముగ్గురూ కలిసి జెట్టీ మీదకి వెళ్లారు. కొలబద్ద చదవడం తరళకి నేర్పాడు. నీటి ఎత్తు పాపే చదివి, పాపే రిజిస్టరులో రాసింది. ఒకటి పాయింటు నాలుగు మీటర్లు. రాతలో కిందకి జారిపోయిన ఆ వరసని ఆఫీసులో ఎవరూ తప్పుపట్టలేదట.

ఆ గింజ నాటే రోజు సత్యారావు ఆ పాత రిజిస్టరు అడిగి తెచ్చాడు. రత్నమాల నిద్రలేచి, నీళ్లు తాగి, ఆ పేజీ తీయకముందే "ఒకటి పాయింటు నాలుగు," అంది. హైమావతితో సహా ముగ్గురూ నవ్వారు. పేజీ తీసి, పాప రాత మీద మెల్లగా వేలు నడిపింది.

"గౌనుకెన్ని మీటర్లు పడుతుందని అడిగింది," అంది ఉన్నట్టుండి.

"ఏ గౌను?" అన్నాడు సత్యారావు.

"మీరు పడవ తాడు కట్టడానికి అటు వెళ్లారు. అది నా కొంగు లాగి అడిగింది. 'అమ్మా, నాన్న రోజూ సముద్రానికి కొలతలు తీస్తున్నాడుగా, మరి సముద్రానికి గౌను కుడితే గుడ్డ ఎన్ని మీటర్లు పడుతుంది?' అని. గాలికి దాని జుట్టంతా నా నోట్లో పడుతోంది. నేనన్నాను, 'మీ నాన్న ఇంకా ఎత్తే తీస్తున్నాడు, చుట్టుకొలత కూడా తెమ్మను, అప్పుడు చెప్తాను' అని."

సత్యారావు రిజిస్టరు మూశాడు. మళ్లీ తెరిచాడు.

"నాకు తెలీదు," అన్నాడు. "ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదు నువ్వు."

"అప్పుడే మరిచిపోయానేమో."

హైమావతి యంత్రం దగ్గరికి వెళ్లి తొంభై తొమ్మిదో ఫైలు తెరిచి మొదటి నుంచి చివరిదాకా చూసింది. జెట్టీ ఉంది. కొలబద్ద ఉంది. తాడు కట్టడానికి వెళ్లిన సంగతి కూడా ఉంది. గౌను మాట లేదు. నోట్లో పడే జుట్టు లేదు. మిగతా నూట పదకొండు ఫైళ్లలోనూ వెతికింది. ఎక్కడా లేదు.

తిరిగొచ్చి అడిగింది, "రత్నమాల గారూ, ఇందాకటి దాంట్లో మీరు ఎక్కడ నిలబడి చూశారు?"

"ఎక్కడేటమ్మా, నేనే గదా అక్కడున్నది," అంది రత్నమాల ఆశ్చర్యంగా.

హైమావతి నఫీసాకి చెప్పాలని బయల్దేరింది గానీ గుమ్మంలో రెండు నిమిషాలు ఆగింది. దిండు కింద నుంచి నీలం పువ్వుల గౌను బయటికి వచ్చింది. సత్యారావు దాన్ని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని, సముద్రానికి ఇది ఏ మూలకీ రాదంటున్నాడు. రత్నమాల, "కొలతలు తెమ్మంటే మీరు తేలేదుగా," అంటోంది.

కేసు షీటులో ఆ రోజు గడి ఖాళీగా ఉంది. అందులో హైమావతి పాప అడిగిన మాట ఉన్నది ఉన్నట్టు రాసింది. పక్కన గింజ నంబరు రాయాల్సిన చోటు ఉంది. దానికేం నంబరు వేయాలో ఆమెకి తోచలేదు. వేయకుండా కలం మూత పెట్టేసింది.